ఒత్తితే పడే గుంట

ఆ ఎండాకాలం మా కోడలు అరుణ సాక్సులు తొడుక్కుంది. ఉగాది దాటి ఎండలు ముదిరి, మా ఇబ్రహీంపట్నం రోడ్ల మీద తారు చెప్పులకు అంటుకుంటున్న రోజులవి. నాలాంటి ముసలిది తడి కొంగు నెత్తిన వేసుకుని కూడా ఉస్సురుస్సురంటుంటే, ఆమె మాత్రం మనవరాలు మంజుల బడికి తొడుక్కున్న పాత నల్ల సాక్సులు పిక్కల దాకా లాగి, వాటి మీద చీర కుచ్చిళ్లు కప్పుకుని గోడకు ఆనుకుని కూర్చునేది.

"గదేందే, గీ ఎండల గవెందుకు?" అని అడిగాను.

"మందు పడ్డప్పటి సంది కాళ్లు సల్లగైతున్నయత్తా."

నమ్మాను. ఆ మందు పడ్డప్పటి నుంచి ఆమె ఒంటికి ఏది చల్లనో ఏది వేడో ఎవరికీ అంతు చిక్కేది కాదు. జుట్టంతా రాలింది. గోళ్లు నల్లబడ్డాయి. పప్పు పోపు వాసనకు వాంతి చేసుకునేది, పచ్చిమామిడి ముక్క ఉప్పద్దుకుని మాత్రం చిన్నపిల్లలాగా తినేది. చలికాలంలో పట్నం దవాఖానలో ఆమె ఎడమ రొమ్ము తీసేశారు. తర్వాత మూడు వారాలకోసారి ఎర్రమందు ఎక్కిస్తున్నారు. పెళ్లిళ్లలో పోసే గులాబీ షర్బత్ రంగు దానిది. అంత అందమైన రంగు మనిషిని అట్లా పీలుస్తుందని చూస్తే తప్ప తెలియదు.

మా కొడుకు పరశురాం ఆదిబట్లలో కంపెనీ మనుషులను తెచ్చి దింపే క్యాబు నడుపుతాడు. మా వాడ వెనక చేలన్నీ ప్లాట్లయ్యాయి, రాళ్లు పాతారు, రంగు జెండాలు కట్టారు. మట్టి మోసే టిప్పర్లు పగలంతా సాగర్ రోడ్డు మీద పరుగులు తీసేవి. ఆ ఏడు హోలీ ముందర మా వాడ కొండల్ బండి మీద వస్తూ ఒక టిప్పర్ కింద పడ్డాడు. అతని పెళ్లాం కాలి మెట్టెలు తీసేటప్పుడు నేను అక్కడే ఉన్నాను. విధవను కాబట్టి ఆ పనికి నన్నే పిలిచారు. చిన్న పిల్ల. కాలు వెనక్కి లాక్కుంది. ఆ లాక్కోవడం నా చేతుల్లో ఇంకా ఉంది.

సరే, డాక్టరమ్మ సంగతి చెప్పాలి.

మా ఊరి సర్కారు దవాఖానలో భాగ్యశ్రీ అని కొత్త డాక్టరు ఉండేది. కోహెడ పిల్ల, వాళ్ల నాయిన మామిడికాయల బేరగాడు. ఒక ఆదివారం స్కూటీ వేసుకుని నేరుగా మా ఇంటికే వచ్చింది. పట్నంలో అరుణకు మందు పెట్టే దవాఖానలోనే శనివారం శనివారం డాక్టర్లకు ఒక క్లాసు పెట్టారట.

"మీకెందుకు బిడ్డా క్లాసులు? సదువు అయిపోయింది గద," అన్నాను.

"అయిపోలే అవ్వా. క్యాన్సర్ మందు కొందరి గుండెను దెబ్బ కొడ్తది. క్యాన్సర్ డాక్టర్ గడ్డను చూస్తడు, గుండె డాక్టర్ గుండెను చూస్తడు. నడుమల మనిషిని చూసెటోళ్లు కావాలె గద. గది నేర్పుతున్నరు. ఒక్కొక్కలం ఒక పేషెంటు ఇంటికి పోయి, మందు అయ్యేదాక చూస్తుండాలె. నాకు అరుణక్కను ఇచ్చిండ్రు."

"అంటె నువ్వు నేర్సుకుంటున్నవు."

"అవ్."

"మా కోడలి మీద."

ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. నాకూ అట్లా అనాలని లేదు, నోరు జారింది. ఆమె పోయాక అరుణతో అన్నాను: "నువ్వు మిషిను నేర్సుకునేటప్పుడు నా పాత చీరెలు ఇచ్చిన కత్తిరించెతందుకు. నేర్సుకునెటోళ్లకు కొత్త గుడ్డ ఎవరిస్తరే?"

అరుణ నవ్వింది. "నేను సుత ఇప్పుడు పాత గుడ్డనే గదత్తా. కత్తిరించుకోనీ."

గుండె అన్న మాట మాత్రం ఆ రోజు నుంచి మా ఇంట్లో ఉండిపోయింది. గడ్డ అంటే చేతికి తగిలింది, కోసి తీశారు. గుండెను ఎవరు తీసి చూస్తారు? అరుణ మెట్లెక్కి ఆగితే నా చేతిలో పని ఆగేది. ఆమె దగ్గితే ఎన్నిసార్లో నేను లెక్క పెట్టేదాన్ని. మూడో మందు అయ్యాక పడుకోలేకపోయింది. పడుకుంటే ఎవరో ఎదమీద కూర్చున్నట్టుందని దిండ్లు పేర్చుకుని కూర్చునే కునికేది.

"నీరసం," అన్నాడు పరశురాం.

"నీరసమే," అంది అరుణ, వెంటనే.

బలం రావాలని నేను ఉప్పేసిన మజ్జిగ, జొన్న గటక, అంబలి చెంబుల కొద్దీ తాగించాను. పట్నం దవాఖానలో కూడా నీళ్లు బాగా తాగాలనే చెప్పి ఉన్నారు.

భాగ్యశ్రీ మళ్లీ వచ్చింది. బీపీ చూసింది, చెయ్యి పట్టుకుని చూసింది. "ఆయాసం వస్తున్నదా అక్కా?" అని అడిగింది.

"లేదు మేడం."

"రాత్రి నిద్ర?"

"మంచిగ పడుతున్నది."

నేను అరుణ వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు. డాక్టరమ్మ చూపు సాక్సుల మీద ఒక క్షణం నిలిచింది. ఏదో అడగబోయి, లేచి బ్యాగు సర్దుకుంది. వాకిట్లో స్కూటీ తిప్పుకుంటూ కూడా ఒకసారి వెనక్కి చూసింది.

ఆమె పోయాక అడిగాను. "నిద్ర పడుతున్నదన్నవేందే?"

"ఆయాసమంటే మందు ఆపుతరు. పక్క మంచం ఆమెకు గట్లనే ఆపిండ్రు. ఆపినంక గడ్డ మళ్ల లేచిందట. ఇంకొక్కటే ఉన్నదత్తా ఎర్రమందు. గదొక్కటి అయిపోనీ."

ఆపితే ఒక భయం, ఆపకపోతే ఇంకొక భయం. ఏ భయం పెద్దదో చెప్పే చదువు నాకు లేదు. మజ్జిగ చెంబు ఆమె చేతికిచ్చాను.

ఒక శుక్రవారం మధ్యాహ్నం కరెంటు పోయింది. అరుణ దిండ్ల మీద వాలి కునుకుతోంది. ముఖమంతా చెమట. విసనకర్రతో విసురుతూ, పాపం ఈ సాక్సులన్నా తీద్దాం, గాలి ఆడుతుంది అనుకుని మెల్లగా ఒకటి లాగాను. రాలేదు. గట్టిగా లాగితే వచ్చింది.

అది మా అరుణ కాలు కాదు. తోలు మెరుస్తోంది. చీలమండ ఎముక ఎక్కడుందో కనపడలేదు. సాక్సు అంచు దిగబడిన చోట పిక్క చుట్టూ కాలువ పడింది. బొటనవేలి పక్క వేలికి ఉన్న వెండి మెట్టె కండలోకి కూరుకుపోయి, పైన సన్న గీతలాగా మాత్రం కనిపిస్తోంది. వేలి కొస నేరేడుపండు రంగు. నేను కాలు పట్టుకున్న చోట నా వేళ్ల గుర్తులు పడ్డాయి. చెయ్యి తీసినా అవి పోలేదు. పిండిలో పడ్డట్టు అట్లానే ఉన్నాయి.

అరుణ కళ్లు తెరిచి కాలు లాక్కుంది. "అత్తా, ముట్టకు."

"ఎన్ని దినాల సంది?"

చీర కుచ్చిళ్లు కాలి మీదికి లాక్కుంది.

"ఎవ్వలకు చెప్పలే?"

"చెప్తే మెట్టెలు కొయ్యాలంటరు." దమ్ము తీసుకోవడానికి ఆగింది. "నీ కొడుకు పొద్దంత రోడ్డు మీద ఉంటడు. టిప్పర్ల నడుమల. కొండల్ సంగతి చూసినవ్ గద. మందు అయిపోతే వాపు అదే తీస్తది, అప్పటిదాక దాసుకుందామనుకున్న."

నేను బిడ్డను కన్నదాన్ని. ఆమె నా కొడుకు కోసం తన కాలు దాచుకుంది. ఆమెను తిట్టాలో, కాళ్లకు మొక్కాలో తెలియలేదు. సబ్బు పూశాను, నూనె రాశాను, దారం చుట్టి తిప్పబోయాను. ఆమె పళ్లు బిగబట్టింది. మెట్టె కదలలేదు.

అవుసుల కిష్టాను పిలిపించాను. మా వాడ మొదట్లోనే అతని వెండి పని కొట్టు, ఆ మెట్టెలు చేసింది వాళ్ల నాయినే. వచ్చి, గొంతుక్కూర్చుని, చూసి, లేచాడు.

"శుక్రారం పూట, మొగడు బతికుండంగ, ముత్తైదువ కాలికి నేను కత్తెర పెట్టనవ్వా. పరశురాం రానీ. ఆయన చేత్తోని తీయనీ, నేను సాయం పడ్త."

"ఆడు పొద్దుగూకినంక గాని రాడు కిష్టా. ఫోను ఎత్తుతలేడు, డ్రైవింగుల ఉన్నడు."

"అయితే పొద్దుగూకనీ." పోతూ పోతూ గుమ్మంలో ఆగాడు. "నాకు సుత బిడ్డలున్నరవ్వా. తప్పు పట్టకు."

తప్పు పట్టలేదు. అరుణ ఫోనులో డాక్టరమ్మ నంబరు ఉంటే దానికి చేశాను. దవాఖాన నుంచి తెల్లకోటుతోనే వచ్చింది. అరుణ ముందు నేల మీద కూర్చుని, కాలు ఒళ్లోకి తీసుకుని, బొటనవేలితో ఒత్తి పట్టుకుంది. తీసింది. గుంట పడింది. ఆమె దాన్నే చూస్తూ కూర్చుంది. నేనూ చూశాను. అది పూడలేదు. వీపు మీద గొట్టం పెట్టి విన్నది, మెడ పక్కన నరం చూసింది. ఆ పిల్ల పెదవులు ఆరిపోవడం నాకు కనపడింది.

"గుండె నీళ్లను తోయలేకపోతున్నది అవ్వా. ఇప్పుడే పట్నం పోవాలె. అంబులెన్సుకు చెప్తున్న. అది వచ్చేలోపల మెట్టె తీయాలె. వేలు చచ్చిపోతది."

అరుణ రెండు కాళ్లూ చీర కిందికి ముడుచుకుంది. "మేడం, నీకు పెండ్లయిందా?"

"కాలే అక్కా."

"గందుకే తెల్వది నీకు."

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను లేచి లోపలికి పోయి పరశురాం పాత సామాన్ల డబ్బాలో కటింగ్ ప్లేయర్ వెతికాను. తుడిచాను. వచ్చి కూర్చున్నాను.

"నువ్వొద్దత్తా," అంది అరుణ. "ఇంకెవలన్న తీయనీ. నువ్వు..." అని ఆగిపోయింది. విధవవు అనలేకపోయింది.

"ఆడు నా కడుపుల పుట్టినోడు," అన్నాను. "ఆని మీద నీకంటె నాకే భయమెక్కువ. కాలు ఇయ్యి."

చాలా సేపు ఇవ్వలేదు. తర్వాత ఇచ్చింది. నేను పట్టుకున్నప్పుడు ఆ కాలు కూడా వెనక్కి లాక్కుంటుందేమోనని చూశాను. లాక్కోలేదు. డాక్టరమ్మ కండను పక్కకు ఒత్తి పట్టుకుంటే, ప్లేయర్ మొన దూర్చి ఒత్తాను. వెండి కదా, మెత్తగానే తెగింది. రెండో కాలిది కూడా. అరుణ పైకప్పు రేకుల వైపు చూస్తూ ఉంది. మెట్టెలు కొంగున ముడేసుకున్నాను. అప్పుడు టైమెంతైందో, ఆదిబట్ల రోడ్డు మీద నా కొడుకు ఎక్కడున్నాడో అని ఒక్కటే అనుకున్నాను.

కబురు అందాక పరశురాం క్యాబు నేరుగా పట్నం దవాఖానకే తెచ్చాడు. వచ్చేవరకు నేను గేటు దగ్గరే నిలబడ్డాను. మనిషి కనపడ్డాక కూడా తల నుంచి కాళ్ల దాకా చూసుకున్నాను. వార్డులో అరుణ ముక్కుకు గాలి గొట్టం పెట్టి ఉంది. అతను ఆమె ముఖం చూశాడు, దుప్పటి బయటికి వచ్చిన కాళ్లు చూశాడు. వేళ్ల చుట్టూ మెట్టెలున్న చోట లోతుగా రెండు గాడులు.

"ఎవలు తీసిండ్రు?"

"నేనే," అన్నాను.

మంచం పక్కన కూర్చున్నాడు. తర్వాత అరుణ దగ్గర వంగి, "నా ఆయుష్షు నీ కాలి వేళ్లకు కట్టిపెట్టిండ్రా? నాకొక మాట చెప్పకపోతిరి," అన్నాడు. నవ్వుదామని అన్న మాటే. దుప్పటి లాగి ఆమె కాళ్లు కప్పాడు.

నీళ్లు దిగే సూదులిచ్చారు. అరుణ ముఖం మళ్లీ ముఖమైంది, చీలమండ ఎముక కనపడింది. వారం గడిచి మళ్లీ శనివారం వచ్చింది. వాళ్ల క్లాసుకు అరుణను చక్రాల కుర్చీలో తీసుకుపోతామని అడిగారు. ఇష్టం లేకపోతే వద్దన్నారు. అరుణ వస్తానంది, నేను వెంట పోయాను.

గది నిండా డాక్టర్లు, చాలామంది నా కళ్లకు మా మంజుల కంటే కాస్త పెద్దవాళ్లలాగే కనిపించారు. ముందర తెల్లజుట్టు డాక్టరమ్మ, క్లాసు చెప్పే ఆమె. భాగ్యశ్రీని లేపింది. ఆ పిల్ల అరుణ సంగతంతా చెప్పుకుంటూ వచ్చి ఒకచోట ఆగింది.

"రెండోసారి ఇంటికి పోయినప్పుడు సాక్సులు చూసిన మేడం. తీయమని అడగలే."

"ఎందుకు?"

"రొమ్ము తీసిన మనిషి. ఇంకా ఏం చూపించమంటం, సిగ్గుపడ్తదేమో అనుకున్న."

పెద్దామె కోప్పడలేదు. అరుణ దగ్గరికి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. "నువ్వెందుకు చెప్పలేదమ్మా?"

"మందు ఆపుతరని," అంది అరుణ. మిగతాది చెప్పలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుంది. నేనే అన్నాను, "మెట్టెలు కొయ్యాలంటరని సుత." గదిలో ఒకరిద్దరు తమ కాళ్ల వైపు చూసుకున్నారు.

తర్వాత వాళ్లు ఇంగ్లీషులో పడ్డారు. ఒక పొడుగాటి అబ్బాయి లేచి ఏదో గట్టిగా అన్నాడు, ఇంకొక అమ్మాయి అడ్డం పోయింది. మాటలు తెలియకపోయినా జగడం తెలుస్తుంది కదా. ఒకరు ఒక చేత్తో, ఇంకొకరు ఇంకో చేత్తో మా కోడలిని లాగుతున్నట్టుంది నాకు. చక్రాల కుర్చీ పిడి గట్టిగా పట్టుకున్నాను.

అరుణ చెయ్యెత్తింది, బళ్లో పిల్లలాగా. "సారూ. నా గురించే గద. తెలుగుల చెప్పుండ్రి."

పొడుగాటి అబ్బాయి సిగ్గుపడ్డాడు. "అమ్మా, నేను గుండె డాక్టర్ను. ఆ ఎర్రమందు ఇంకొక్కసారి పోతే మీ గుండె తట్టుకోదని నా భయం."

"నాదేమో," అంది ఆ అమ్మాయి, "మందు సగంలో ఆపితే జబ్బు మళ్లొస్తదని భయం."

"మీక్కూడ భయమేనా?" అంది అరుణ.

తెల్లజుట్టు ఆమె అరుణ చెయ్యి పట్టుకుని చెప్పింది. ఎర్రమందు ఇక వద్దు. గుండెకు గోలీలు వేసుకోవాలి. గుండె కొంచెం కోలుకున్నాక వేరే మందు మొదలుపెడతాం, అది గుండె మీద ఇంత బరువు వేయదు. మందు పోతున్నంత కాలం వీళ్లిద్దరూ, ఆ అబ్బాయీ ఈ అమ్మాయీ, కలిసే నిన్ను చూస్తారు. ఉప్పు తగ్గించు, నీళ్లు కొలిచి తాగు, పొద్దున్నే బరువు చూసుకో, కాలు ఒత్తి చూసుకో.

"బతుకుతనా మేడం?"

"బతకాలనే చేస్తున్నాం. గ్యారంటీ ఇయ్యలేను."

ఆమె అబద్ధం చెప్పి ఉంటే నాకు నచ్చేది.

ఇంటికొచ్చాక వంటింట్లో ఉప్పు డబ్బా అటక ఎక్కింది. ఒక్కరికి వేరుగా వండితే ఆమె తినదని ఇంటిల్లిపాదికీ అదే చప్పిడి కూర. పొద్దున లేవగానే అరుణ బరువు మిషిను ఎక్కేది, మంజుల అంకె చదివేది. తర్వాత అరుణ గడప మీద కూర్చుని కాళ్లు చాపేది. నేను బొటనవేలితో ఒత్తేదాన్ని. గుంట పూడేదాకా ఇద్దరం మాట్లాడేవాళ్లం కాదు. సాయంత్రం మళ్లీ ఒకసారి.

సాయంత్రం ఇంకొక పని కూడా ఉండేది. పరశురాం బండి చప్పుడు కోసం వినడం. ఆ వేళకు ఇద్దరం గడప దగ్గరికి చేరేవాళ్లం. ఎందుకు చేరామో ఒకరికొకరం చెప్పుకోలేదు. ఆమె కాలి వేళ్ల మీద తెల్లటి చారలు. నా కాలి వేళ్ల మీద ఎప్పటివో అటువంటివే. పక్కపక్కన పెట్టుకుని కూర్చుంటే చూడలేక నేను నా కాళ్లు ముడుచుకునేదాన్ని.

మృగశిర కార్తె వచ్చింది, మేం మిరుగు అంటాం. మిరుగు నాడు చేప తినాలంటారు కదా మా దిక్కు. "కొర్రమట్ట తెస్త," అని పరశురాం పొద్దున పోయాడు. "నీ మెట్టెలు పోతే నేను పోలే గాని, గీ ఉప్పులేని కూరతోని పోతట్టున్న."

"గా మాట అనకు," అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, నవ్వు ఆపి వెళ్లిపోయాడు.

మర్నాడే అరుణకు కొత్త మందు మొదలు కావాలి. గుండె కొంచెం పుంజుకుందని ఫోటో తీసి చెప్పారు. కొంచెం అంటే ఎంతో ఎవరూ చెప్పలేదు. ఆ సాయంత్రం మబ్బు పట్టింది, తొలివాన పడింది. పరశురాం వచ్చే వేళ దాటింది. ఫోను చేస్తే మోగి ఆగిపోయింది, తర్వాత మోగడం కూడా మానేసింది. పక్కింటి మరియ గొడుగేసుకుని వస్తూ, "బొంగుళూరు గేటు కాడ ఏదో బండిని టిప్పర్ గుద్దిందట, రోడ్డంత బందు," అని చెప్పి, మా ముఖాలు చూసి నాలుక కరుచుకుంది.

ఏ బండి అని నేను అడగలేదు. అరుణ అడగలేదు. వాన రేకుల మీద పడుతోంది. అరుణ చెయ్యి ఎద మీద పెట్టుకుని కూర్చుంది. గోలీలు వేసుకునే గుండె, మర్నాడు మందు ఎక్కాల్సిన గుండె. నేను ఆమె చేతినే చూస్తున్నాను. నా కొంగు ముడిలో ఆ మెట్టెలు ఇంకా ఉన్నాయి. వాటిని గుప్పిట్లో పట్టుకుని, నేను తీసినవి ఇవి, నా చేత్తో తీసినవి, పడితే నా మీద పడనీ అని ఎవరికి చెప్పుకున్నానో నాకే తెలియదు.

"అత్తా," అంది అరుణ. కాళ్లు చాపింది. "ఒత్తు."

"ఇప్పుడెందుకే?"

"ఒత్తు. ఏదో ఒకటి చూద్దాం."

బొటనవేలితో ఒత్తి పట్టుకున్నాను. అప్పుడు వినపడింది, మూలమలుపు దగ్గర గేరు మార్చే చప్పుడు. మా వాడలో అట్లా మార్చేది వాడొక్కడే, తిట్టినా మానడు. లైట్ల వెలుగు వానలోంచి గడప మీదికి వచ్చింది. పరశురాం తడిసి ముద్దై దిగాడు. చేతిలో కవరు, కవరులో చేప తోక.

"రెండు బండ్లు గుద్దుకున్నయి, రోడ్డు కదల్లే. ఫోన్ల చార్జింగ్ లేదు," అన్నాడు. "ఏందట్ల చూస్తున్నరు ఇద్దరు?"

అరుణ చెయ్యి ఎద మీంచి తీసింది. కవరు అందుకున్న మంజుల వంటింట్లోకి పోయింది. పరశురాం తల తుడుచుకుంటూ మా దగ్గర చతికిలబడి, అరుణ కాళ్ల వైపు చూశాడు. "వాపు మంచిగ తగ్గింది. కిష్టాకు చెప్పి మళ్ల చేయిద్దమా మెట్టెలు?"

అరుణ ఆలోచించింది. "రేపటి మందు ఎట్లుంటదో చూద్దాం. మళ్ల అత్త చేతికి పని పెట్టుడెందుకు?"

నా బొటనవేలు ఇంకా ఆమె కాలి మీదే ఉంది. తీసి చూశాను. గుంట పడలేదు. అయినా నమ్మకం చాలక, ఇంకొంచెం పైన మళ్లీ ఒత్తి పట్టుకున్నాను.